గాలి తగ్గించాలా, బండి మార్చాలా?

నాలుగంగుళాల టైర్ల సైకిల్ కొత్తగా కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక సందేహం పట్టుకుంటుంది. ఇది ఇంత బరువుగా నడవడం తొక్కేవాడి తప్పా, బండి తప్పా? దీనికి ఇద్దరు మనుషులు రెండు రకాల జవాబు చెబుతున్నారు. ఒకరు అమెరికాలో మిన్నెసోటా మంచులోనూ, ఇటు మన తీరం ఇసుకలోనూ ఫ్యాట్ బైక్ తొక్కి అలవాటుపడ్డ మనిషి. రెండోవారు అట్టపెట్టెల్లో వచ్చిన సైకిళ్లను బిగించి ఇచ్చే మెకానిక్. ఇద్దరికీ సైకిలంటే ప్రాణమే కాబట్టి వాదన తొందరగా తెగదు.

తొక్కేవారు: తప్పు గాలిదన్నా. హ్యాండిల్ దానంతటదే ఒక పక్కకు లాగుతోందనీ, మలుపులో బండి మొండికేస్తోందనీ, తారురోడ్డు మీద తొడలు పట్టేస్తున్నాయనీ కొత్తగా కొన్నవాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం టైరులో గాలి ఎంతుందో చూసుకుంటే తీరిపోయేవే. మెత్తటి మంచు మీద 3 నుంచి 5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లని లెక్క), గట్టి మట్టిబాట మీద 8 నుంచి 10, తారు మీద 15 నుంచి 20 పెట్టుకోవాలి. మనిషి బరువును బట్టి ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. మామూలు సైకిల్‌లో రెండు పీఎస్‌ఐ తేడా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆరుకు రెండు కలిపితే ఉన్న గాలికి మూడో వంతు అదనంగా ఎక్కించినట్టే, బండి నడకే మారిపోతుంది. పైగా చాలా పంపుల మీద ముల్లు 160 దాకా తిరిగే రకం. పది లోపల అది చూపించేది నమ్మడానికి లేదు. బండితోపాటు పదిహేనో ముప్పయ్యో దాకా మాత్రమే కొలిచే చిన్న గేజ్ ఒకటి కొనుక్కుంటే సగం చిరాకు పోతుంది.

బిగించేవారు: గాలి సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు బోల్టుల సంగతి చూడాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బండి 85 శాతం బిగించి వస్తుందని రాసి ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేదంతా ఆ మిగిలిన పదిహేనులోనే ఉంటుంది. ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించుకుని, హ్యాండిల్ సరిగ్గానే ఉంది కదా అని తొక్కేసేవాళ్లు ఉంటారు. డిస్కు బ్రేకు కాలిపర్ ఫోర్కు ఎడమ కాలికి వెనకవైపు ఉండాలి. ముందువైపు కనిపిస్తే ఫోర్కు తిరగబడ్డట్టే. ఎడమ పెడల్‌ను ఎడమకు తిప్పితేనే మర ఎక్కుతుంది. తెలియక కుడికి తిప్పి బలవంతం చేస్తే పెడల్ స్టీలు కాబట్టి అల్యూమినియం క్రాంకు మర తినేస్తుంది, ఇక క్రాంకే మార్చాలి. హ్యాండిల్ స్టెమ్ దగ్గర ముందు పై బోల్టుతో ఆట తీసేయాలి, ఆ తర్వాతే పక్క బోల్టులు బిగించాలి. వరస తప్పితే ముందు బ్రేకు పట్టినప్పుడల్లా టకటకమంటుంది. ఇవన్నీ అయ్యాక గాలి.

తొక్కేవారు: అందులో పేచీ లేదు. బ్రేకు ప్లేట్ల విషయం కూడా కలపండి. కొత్త డిస్కు మొదటిరోజే గట్టిగా పట్టదు. ఒక మోస్తరు వేగంలో వెళ్తూ, చక్రం పూర్తిగా బిగుసుకోకుండా దాదాపు ఆగేదాకా బ్రేకు పట్టి వదలడం ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్లు డిస్కుతో కుదురుకుంటాయి. అది చేయకుండా బ్రేకులు పనికిరావని తిట్టేవాళ్లున్నారు. డిస్కును చేత్తో ముట్టుకుని నూనె అంటించి, ఆనక కీచుమంటోందని మీ దగ్గరికే తెస్తారు.

బిగించేవారు: తెస్తారు. కానీ అసలు భయం బ్రేకులది కాదు సార్, పంక్చర్ షాపులో గాలి కొట్టే యంత్రంది. మోటార్‌సైకిల్‌కు కొట్టినట్టే దీనికీ ముప్పై అయిదు కొట్టిస్తారు. టైరు గోడ మీద గరిష్ఠం ఎంతో అచ్చువేసి ఉన్నా ఎవరూ చదవరు. టైరు ఎంత లావుంటే అదే గాలికి దాని గుడ్డ మీద లాగుడు అంత ఎక్కువ. నాలుగంగుళాల టైరులో 20 పీఎస్‌ఐ పడితే, రెండంగుళాల టైరులో 40 పడ్డంత లాగుడు ఉంటుంది. ముప్పై అయిదంటే డెబ్బయి అన్నమాట. చేత్తో నొక్కి చూసి ఇంకా మెత్తగానే ఉంది కదా అనుకుంటారు. అలా పేలితే వెడల్పు రిమ్ము అంచు కూడా దెబ్బతింటుంది.

ఇక్కడ మెకానిక్ మాటే నూటికి నూరు పాళ్లు నిజం. లావు టైరుకు గాలి ఎక్కువ కావాలన్న అపోహ, చూసేవాళ్లకు సహజంగా తట్టేదే అయినా, లెక్కకు సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

తొక్కేవారు: ఆ లెక్కలోనే ఈ బండి పుట్టుక కూడా ఉంది. మనిషీ బండీ సామానూ కలిపి 100 కిలోలు అనుకుందాం, అంటే 220 పౌన్లు. టైర్లలో 40 పీఎస్‌ఐ ఉంటే రెండు చక్రాలూ కలిపి నేలకు ఆనే జాగా అయిదున్నర చదరపు అంగుళాలు. అయిదు పీఎస్‌ఐ ఉంటే 44. టైరు గోడ బిరుసుతనం కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది కచ్చితమైన అంకె కాదు, కానీ రమారమి ఇంతే. అదే బరువు ఎనిమిది రెట్ల జాగా మీద పరుచుకుంటే మంచులో గాని ఇసుకలో గాని దిగబడదు. అలాస్కావాళ్లు దీన్ని కాగితం మీద కాదు, మంచులో దిగబడి నేర్చుకున్నారు. 1987లో అక్కడ ఇడిటాబైక్ పందెం మొదలయ్యాక, మామూలు టైర్లతో సైకిల్‌ను తొక్కడం కంటే తోసుకుపోవడమే ఎక్కువైంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైమన్ రాకోవర్ స్నోక్యాట్ అని 44 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్ములు చేశాడు. అదే కాలంలో న్యూ మెక్సికో ఎడారి వైపు రే మొలీనా ఇసుక కోసం 82 మిల్లీమీటర్ల రిమ్ములూ మూడున్నర అంగుళాల టైర్లూ తయారుచేయించాడు. ఆ రెండు దారులూ కలిశాయి. 2005లో మిన్నెసోటా కంపెనీ సర్లీ, పగ్‌స్లీ అనే బండిని 3.7 అంగుళాల టైర్లతో బజారులోకి తెచ్చింది. దుకాణంలోకి వెళ్లి ఎవరైనా కొనుక్కోగలిగిన ఫ్యాట్ బైక్ అప్పటినుంచే.

బిగించేవారు: మీ చరిత్రే నా వాదన సార్. మంచు కోసం ఒకడు, ఇసుక కోసం ఇంకొకడు చేశారు. విజయవాడ బందరు రోడ్డు కోసం ఎవరూ చేయలేదు. ఇక్కడ అమ్ముడుపోయే వాటిలో ఎక్కువ భాగం 26 అంగుళాల చక్రానికి నాలుగంగుళాల టైరు, స్టీలు ఫ్రేము, కొన్నిటికి గేర్లు కూడా ఉండవు. మొత్తం 18, 20 కిలోలు తూగుతాయి. ఒక్క టైరే కిలో పైన, ట్యూబు అర కిలో దాకా. అదంతా చక్రం అంచున ఉండే బరువు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ దాన్ని మళ్లీ తిప్పాలి. గాలి తగ్గిస్తే తారు మీద టైరు నలుగుతూ శక్తి తినేస్తుంది, పెంచితే బంతిలా ఎగిరి నడుం విరుస్తుంది. ఇవాళ పదిహేను, రేపు ఎనిమిది, ఎల్లుండి ఇరవై అంటూ తిప్పలు పడాల్సిన బండిని స్కూలుకెళ్లే కుర్రాడికి ఎందుకు కొనిపెట్టాలి?

తొక్కేవారు: గేర్లు లేని 18 కిలోల బండి కొనొద్దని నేనూ చెబుతాను. అది ఆకారం చూసి అమ్మే సరుకు. దాన్ని చూపించి మొత్తం జాతిని తీసిపారేయకండి. తిప్పలన్నారు, నిజమే, కానీ నెల తర్వాత అవి చేతికి అలవాటైపోతాయి. రోడ్డు మీద బయల్దేరేటప్పుడు గాలి ఎక్కువగానే పెట్టుకుని, ఇసుక దగ్గర ఆగి వాల్వు పిన్ను నొక్కి తగ్గించుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి చేతిపంపు ఉండాలి, అంతే. వాల్వు వంకర తిరిగిందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. మరీ తక్కువ గాలిలో గట్టిగా తొక్కితే టైరు రిమ్ము మీద జారి ట్యూబును కూడా లాగుతుంది, వాల్వు మొదట్లో తెగుతుంది. దానికి మందు ట్యూబ్‌లెస్. ఒక్కో చక్రానికి కొన్ని వందల గ్రాములు కూడా తగ్గుతాయి.

బిగించేవారు: ట్యూబ్‌లెస్‌కు రిమ్ము అందుకు తగ్గట్టు చేసింది కావాలి. చవక రిమ్ముల మీద టేపు వేసి, పాలలాంటి సీలెంట్ పోసి, టైరు అంచు కూర్చోబెట్టడానికి సగం రోజు పోతుంది. తెల్లారేసరికి మళ్లీ గాలి దిగి పడి ఉంటుంది. ఆ పని నాకు డబ్బులొచ్చే పనే అయినా ఒద్దనే చెబుతాను. అదలా ఉంచి, మోకాళ్ల మాట చెప్పండి.

తొక్కేవారు: అది మాత్రం ఒప్పుకుంటాను. మామూలు సైకిల్‌కు పెడళ్ల ఇరుసు గూడు 68, 73 మిల్లీమీటర్లుంటే దీనికి 100. అయిదంగుళాల టైర్ల బండికైతే 120 దాకా ఉంటుంది. టైరుకు చైను తగలకుండా ఉండాలంటే తప్పదు. పాదాలు అంత దూరం జరుగుతాయి. తుంటి సన్నగా ఉన్నవాళ్లకు, పొట్టివాళ్లకు మోకాలి బయటివైపు నొప్పి రావచ్చు. కాబట్టి మొదటి వారాల్లో చిన్న దూరాలు, తేలిక గేరు, కాళ్లు చకచకా తిప్పడం. సీటు ఎత్తు సరిచూసుకోవాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు పూర్తిగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అంతకంటే కిందికి దింపుకుని కూర్చుని, బండి బరువని తిట్టేవాళ్లే ఎక్కువ. ఇంత చేసినా నొప్పి తగ్గకపోతే ఈ బండి ఆ మనిషికి కాదు. అది ఒప్పుకోవడంలో నాకు నామోషీ లేదు.

బిగించేవారు: మీరిది చెప్పడం మంచిదే. అమ్మేవాళ్లెవరూ చెప్పరు.

తొక్కేవారు: తొక్కే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. మంచులో, పొడి ఇసుకలో లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం తవ్వుకుపోతుంది. సీటు మీదే కూర్చుని, బరువు వెనకే ఉంచి, ఒకే వేగంతో తొక్కాలి. హ్యాండిల్‌ను బిగబట్టి సరిచేయబోతే ముందు చక్రం ఇంకా దారి తప్పుతుంది. వదులుగా పట్టుకుని దూరం చూడాలి. గట్టిగా బ్రేకు పట్టకూడదు. మెత్తటి నేలే బండిని ఆపేస్తుంది. లావు టైరు స్ప్రింగులా నొక్కుకుంటుంది గాని ఆ ఎగురును అణిచే సాధనమేదీ దానిలో లేదు. అందుకని గతుకుల దిగుడులో వేగం పెంచితే మీరు చెప్పినట్టు ఎగరేస్తుంది. నెమ్మదిగా వెళ్లడం ఈ బండి లోపం కాదన్నా, నడక పద్ధతి. మినియాపొలిస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లను అడగండి. అక్కడ సరస్సులే గడ్డకట్టుకుపోయే నెలల్లో కూడా ఇంట్లో కూర్చోకుండా బయటపడేందుకు ఇది ఒక దారి. వెచ్చటి గరాజులో 20 డిగ్రీల దగ్గర 8 పీఎస్‌ఐ పెట్టి, సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువనున్న బయటికి తీసుకెళితే, టైరు చల్లబడేసరికి అది 5కి దిగుతుంది. ఇది తెలిసినవాడు ఇంట్లోనే మూడు ఎక్కువ పెట్టుకుని బయల్దేరతాడు.

బిగించేవారు: ఆ మంచులో కూడా దీనికి ఎక్కడపడితే అక్కడ స్వాగతం లేదు కదా? స్కీల కోసం చదునుచేసిన బాటల మీద టైరు 3.7 అంగుళాలకు తగ్గకూడదు, గాలి పది లోపు ఉండాలి, అంగుళం కంటే లోతుగా గాడి పడుతుంటే దిగి వెనక్కి పోవాలి అని చాలాచోట్ల నియమాలు. చలి ముదిరితే మామూలు గ్రీజు గడ్డకట్టి, వెనక హబ్బులో పళ్లు పట్టక పెడల్ ఊరికే తిరుగుతుంది. పుట్టిన ఊళ్లోనే ఇన్ని షరతులున్న బండి ఇది.

తొక్కేవారు: షరతులున్నాయి కాబట్టే అది దక్షిణ ధ్రువం దాకా వెళ్లింది. డేనియల్ బర్టన్ అనే ఆయన తీరం దగ్గర బయల్దేరి 2014 జనవరిలో ఫ్యాట్ బైక్ మీదే ధ్రువానికి చేరాడు. అంతకు కొద్ది వారాల ముందు, 2013 డిసెంబరులో, మరియా లెయెర్‌స్టామ్ వెనక్కి ఆనుకుని తొక్కే లావు టైర్ల మూడు చక్రాల బండి మీద చేరింది. సన్న టైర్లతో అది ఊహకు కూడా అందదు.

బిగించేవారు: వాళ్లకంటే ముందు, 2012లో ఎరిక్ లార్సెన్ అదే ధ్రువానికి ఫ్యాట్ బైక్ మీద బయల్దేరి మధ్యలోంచి వెనక్కి తిరిగాడు. అది కూడా చెప్పాలి. ఆయనకు బిగించుకోవడం రాదా, గాలి చూసుకోవడం రాదా? లావు టైరుకు కూడా ఒక హద్దుంది. మెత్తదనం ఆ హద్దు దాటితే అదీ దిగబడుతుంది, ఇరవై కిలోల బండిని తోసుకోవాలి. సరే, ధ్రువాలు వదిలేసి మన సముద్రానికి రండి. సూర్యలంకలోనో భీమిలిలోనో అల వెనక్కి పోయాక తడి ఇసుక గట్టిగా ఉంటుంది. దాని మీద రెండుంపావు అంగుళాల మామూలు మౌంటెన్ బైక్ కూడా గాలి తగ్గిస్తే హాయిగా పోతుంది. ఫ్యాట్ బైక్ అవసరమయ్యేది పైనున్న పొడి ఇసుకలోనే. అక్కడ తొక్కాల్సిన అవసరం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

తొక్కేవారు: అవసరమని ఎవరన్నారు? సరదా అనండి. అయితే ఆ పొడి ఇసుక గురించి నేనే ఒక మాట చెప్పాలి. చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో ఆ పొడి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. చక్రాల గాడుల్లో పడితే పిల్లలు సముద్రం దాకా చేరలేవు. ఆ నెలల్లో రాత్రిపూట పైఇసుక మీద తొక్కకూడదు, పగలైనా అల తడిపిన పట్టీ దాటకూడదు. అంటే సగం ఏడాది నా లావు టైరు కూడా మీ రెండుంపావు టైరు నడిచే చోటే నడవాలి. ఇది నా వాదనకు దెబ్బే.

ఈ మాట తర్వాత మెకానిక్ గెలిచినట్టే అనిపించవచ్చు. కానీ ఆయన దాన్ని వాడుకోలేదు. తర్వాత ఎత్తుకున్నది తాబేళ్ల కంటే చిన్న విషయం, రోజూ చేతికి తగిలే విషయం.

బిగించేవారు: ఉప్పు సార్. ఒక్కసారి సముద్రపు నీళ్లలో ముంచిన బండి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చైనుకు నూనె వేయకపోతే కొద్ది రోజుల్లో తుప్పు కనిపిస్తుంది. అదీ జోరుగా పైపుతో కాదు, బకెట్టూ గుడ్డా పెట్టుకుని. పైపు జోరుకు నీళ్లు హబ్బులోకి పోయి గోళీల గ్రీజు కొట్టుకుపోతుంది. సరే, పాడైంది. భాగాలు ఎక్కడ దొరుకుతాయి? మామూలు సైకిల్‌కు మండల కేంద్రంలో కూడా హబ్బు, ట్యూబు దొరుకుతాయి. దీని వెనక హబ్బు వెడల్పు 170, 177, 190, 197 మిల్లీమీటర్లని నాలుగు కొలతలు. నాలుగంగుళాల ట్యూబు ఊరి చివర పంక్చర్ షాపులో ఉండదు. సంచిలో ఒకటి మోసుకు తిరగాల్సిందే.

తొక్కేవారు: ట్యూబు సంచిలో పెట్టుకోవడం ఏ సైకిల్‌కైనా మంచిదే. అసలు సంగతి వేరే ఉంది. యాభై దాటిన మనిషి, పాతికేళ్లుగా సైకిల్ ముట్టనివాడు, కాస్త ఒళ్లు చేసినవాడు, గతుకంటే భయపడేవాడు. సన్న టైరు బండి ఇస్తే రెండో రోజు దిగిపోతాడు. లావు టైరు గుంతను మింగేస్తుంది, కంకర మీద జారదు. వేగం పోతుంది, భయం కూడా పోతుంది. అతనికి బండి బరువు నిజానికి వ్యాయామమే.

బిగించేవారు: ఆ మనిషికి రెండున్నర, రెండు ముప్పావు అంగుళాల టైరున్న గేర్ల బండి ఇవ్వండి. గుంతను అదీ మింగుతుంది, నాలుగైదు కిలోలు తేలిక, పెడళ్లు దగ్గరగా ఉంటాయి, మోకాళ్లు బాగుంటాయి. మీరు చెప్పిన మేలులో చాలామటుకు దానితోనే వచ్చేస్తుంది.

తొక్కేవారు: చాలామటుకు వస్తుంది. మిగిలినది మాత్రం ఎన్నటికీ రాదు. రెండు ముప్పావు టైరు పట్టే ఫ్రేములో నాలుగంగుళాలది దూర్చలేరు. దీనికైతే 29 అంగుళాల సన్నపాటి చక్రాల జత ఇంకొకటి కట్టించుకుంటే రోడ్డు మీదా తిరగొచ్చు. మంచి ఫ్యాట్ ఫ్రేములు చాలావాటికి అది పడుతుంది. ఒకే బండికి రెండు జన్మలు.

బిగించేవారు: ఒక బండికి రెండు జతల చక్రాల ఖర్చు అనండి. ఆ డబ్బుకు రోడ్డుకొకటి, మట్టికొకటి మామూలు బండ్లు రెండు వస్తాయి. పైగా ఆ 197 హబ్బు తెప్పించి 29 రిమ్ముకు ఊచలు కట్టేదెవరు?

తొక్కేవారు: మీరే కదన్నా.

బిగించేవారు: హబ్బు తెచ్చివ్వండి, కడతాను. కానీ ఒకసారి ఆ సన్న చక్రాలు ఎక్కించాక, గాలి కొలుచుకుంటూ లావువాటిని మళ్లీ ఎక్కించుకునే ఓపిక మీకుంటుందో లేదో చూస్తాను.

తొక్కేవారు: ఎక్కించడానికి కూడా మీ దగ్గరికే తెస్తాను. అప్పుడు చూద్దురుగాని.